వేలంలో కోట్లు... వర్ధమాన కళాకారునికి పాట్లు

ముంబయి: 2025 మార్చిలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ నిర్వహించిన వేలంలో ఎం.ఎఫ్. హుస్సేన్ 1954లో గీసిన ‘గ్రామ్ యాత్ర’ చిత్రం కోటీ 38 లక్షల డాలర్లకు, అంటే దాదాపు 118 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. ఆధునిక భారతీయ చిత్రానికి వేలంలో అంతకు ముందెన్నడూ అంత ధర పలకలేదు. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీలో వి.ఎస్. గైతొండే చిత్రం ఒకటి 67 కోట్ల రూపాయలు దాటింది. ఈ వార్తలు చదివిన వారికి దేశంలో చిత్రకారులంతా సిరిసంపదలతో తులతూగుతున్నారన్న అభిప్రాయం కలగడం సహజం. అయితే లలితకళల కళాశాల నుంచి పట్టా పుచ్చుకుని ఇప్పుడిప్పుడే బయటికి వచ్చిన యువకుని లెక్కలు వేరు.

వేలంలో చేతులు మారేవి ఎక్కువగా పాత చిత్రాలు. అమ్మేది సేకర్తలో, వారి వారసులో. ‘గ్రామ్ యాత్ర’నే తీసుకుంటే, దానిని 1954లో కొన్న ఒక వైద్యుడు తర్వాత నార్వేలోని ఆస్లో ఆస్పత్రికి ఇచ్చివేశారు. వేలం సొమ్ము అక్కడి వైద్యుల శిక్షణకు కేటాయించారు. సద్వినియోగమే, సందేహం లేదు. కాని ఆ సొమ్ములో భారతీయ కళారంగానికి దక్కిందేమీ లేదు.

కొత్త చిత్రకారుని ఖర్చు బొమ్మ అమ్ముడుపోకముందే మొదలవుతుంది. రంగులు, కాన్వాసు, పని చేసుకునే గది అద్దె, ఫ్రేములు, రవాణా అన్నీ చేతి నుంచే పెట్టుకోవాలి. ముంబయిలో 1952లో ప్రారంభమైన జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ వంటి చోట హాలు అద్దెకు దొరకడానికి ఏళ్ల తరబడి వేచి ఉండాలి. చిత్రం అమ్ముడైనా కాకున్నా అద్దె మాత్రం చెల్లించక తప్పదు. హైదరాబాద్, విశాఖపట్నాల నుంచి వెళ్లే తెలుగు చిత్రకారులకు దారి ఖర్చులు, బస ఖర్చులు అదనం.

ప్రైవేటు గ్యాలరీ ద్వారా అమ్మితే అద్దె బెడద ఉండదు కాని, ధరలో సగం వరకు కమిషన్‌గా పోతుంది. ఇది దోపిడీ అనుకునేవారు గ్యాలరీ పద్దులు కూడా చూడాలి. మహానగరంలో స్థలం అద్దె, సిబ్బంది జీతాలు, బీమా, కేటలాగు ముద్రణ, ఆర్ట్ ఫెయిర్‌లో స్టాలు రుసుము అన్నీ ఆ సగంలోంచే రావాలి. పేరులేని చిత్రకారుని ప్రదర్శన చాలాసార్లు నష్టంతోనే ముగుస్తుంది. అందుకే పేరున్న వారి చిత్రాలమ్మి కొత్తవారిని పోషించడం గ్యాలరీలకు పరిపాటి. 1963లో గ్యాలరీ కెమోల్డ్‌ను తెరిచిన కేకూ గాంధీకి కూడా అంతకు ముందునుంచీ ఫ్రేముల వ్యాపారం ఉండేది.

ధరలు ఎగబాకినా ముప్పే. 2005లో తయ్యబ్ మెహతా ‘మహిషాసుర’ పది లక్షల డాలర్లు దాటిన తర్వాత చిత్రాలు షేర్లలా చేతులు మారాయి. కళానిధుల పేరిట మదుపరుల నుంచి సొమ్ము సేకరించారు. ఇవి సామూహిక పెట్టుబడి పథకాల నిబంధనల కిందికే వస్తాయని 2008లో సెబీ స్పష్టం చేసింది. అదే ఏడాది ప్రపంచ ఆర్థిక సంక్షోభంతో కొనుగోలుదారులు వెనుదిరిగారు. ఒకసారి పెంచిన ధరను గ్యాలరీ బాహాటంగా తగ్గించలేదు. తగ్గిస్తే ముందు కొన్నవారు ఊరుకోరు. ఆ రోజుల్లో లక్షలు పలికిన యువ చిత్రకారులు ఆ ధరకు కొనేవారు లేక, తగ్గించి అమ్మనూ లేక చిక్కుకుపోయారు.

చట్టంలో ఒక ఊరట లేకపోలేదు. కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణతో 53ఎ సెక్షన్ చేరింది. అసలు చిత్రం పదివేల రూపాయలకు మించిన ధరకు తిరిగి అమ్ముడైతే, అందులో చిత్రకారునికి లేదా వారసులకు 10 శాతానికి మించకుండా వాటా దక్కాలి. ఆ వాటాను నిర్ణయించవలసిన కాపీరైట్ బోర్డును 2017లో మరో ట్రిబ్యునల్‌లో విలీనం చేశారు. 2021లో ఆ ట్రిబ్యునలూ రద్దయి అధికారాలు న్యాయస్థానాలకు మారాయి. వాటా కోసం కోర్టు మెట్లెక్కే స్థోమత ఎందరికి ఉంటుంది? పైగా న్యూయార్క్, లండన్ వేలాలకు ఈ చట్టం వర్తించదు.

2025 సెప్టెంబరు 22 నుంచి చిత్రాలపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొనుగోలుదారుకు ఇది మేలే. గ్యాలరీ చెల్లించే అద్దెపైన, తీసుకునే కమిషన్‌పైన పన్ను మాత్రం 18 శాతంగానే కొనసాగింది.