మెదడు గాయం తరువాత మాట, మింగుడు పునరావాసం

మెదడుకు గాయమైనప్పుడు గానీ, పక్షవాతం వచ్చినప్పుడు గానీ మాట, భాష, మింగే శక్తి దెబ్బతినవచ్చు. వీటిని వీలైనంతవరకు తిరిగి రాబట్టడానికి, రాని మేరకు ప్రత్యామ్నాయ మార్గాలను నేర్పడానికి చేసే చికిత్సను వాక్-భాషా పునరావాసం అంటారు. ఈ చికిత్స చేసేవారిని వాక్ చికిత్సకులు (స్పీచ్ థెరపిస్టులు) అని పిలుస్తారు. మాట, మింగుడు రెండు వేర్వేరు విషయాలుగా కనిపించినా రెండింటికీ పెదవులు, నాలుక, అంగిలి, గొంతు వంటి అవయవాలే ఆధారం. అందువలన ఈ రెండు సమస్యలను సాధారణంగా ఒకే నిపుణులు చూస్తారు.

కారణాలు

రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుండి పడిపోవడం, తలపై దెబ్బలు, పక్షవాతం, మెదడు కణితులు, మెదడువాపు వ్యాధి ఈ సమస్యలకు ముఖ్య కారణాలు. పక్షవాతంలో సాధారణంగా ఒక రక్తనాళం పరిధిలోని భాగం మాత్రమే దెబ్బతింటుంది. తలకు బలమైన దెబ్బ తగిలినప్పుడు పరిస్థితి వేరు. మెదడు కపాలంలో ఒక్కసారిగా కుదుపుకు లోనై, నుదుటి వైపు, కణతల వైపు భాగాలు ఎముకకు తాకి నలుగుతాయి. దూరపు భాగాలను కలిపే నాడీ తంతువులు సాగి తెగిపోవచ్చు. అందుచేత ప్రమాద బాధితులలో మాటతో పాటు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, స్వభావం కూడా మారడం తరచుగా కనిపిస్తుంది.

కుడిచేతి వాటం ఉన్నవారిలో అత్యధికులకు భాషా కేంద్రాలు మెదడు ఎడమ అర్ధగోళంలో ఉంటాయి. శరీరపు కుడి భాగాన్ని నడిపేది కూడా ఆ అర్ధగోళమే. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయిన వారిలో మాట కూడా పోవడం తరచుగా జరగడానికి ఇదే కారణం.

చరిత్ర

1861లో పారిస్ సమీపంలోని బిసెత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడు ఒక రోగిని పరీక్షించాడు. 21 సంవత్సరాలుగా ఆ ఆసుపత్రిలోనే ఉన్న ఆ రోగి ఇతరుల మాటలను చాలావరకు అర్థం చేసుకునేవాడు కానీ, ఏమి అడిగినా "టాన్" అనే శబ్దాన్నే పలికేవాడు. అతడు మరణించిన తరువాత పరీక్షించగా మెదడు ఎడమ ముందు భాగంలో గాయం కనిపించింది. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె దీనికి భిన్నమైన రోగులను వర్ణించాడు. వీరు ధారాళంగా మాట్లాడతారు కానీ ఆ మాటలకు అర్థం ఉండదు, ఇతరుల మాటలు వీరికి సరిగా బోధపడవు.

పునరావాసం ఒక శాస్త్రంగా ఎదగడానికి రెండు ప్రపంచ యుద్ధాలు కారణమయ్యాయి. తలకు గాయాలైన యువ సైనికులు వేల సంఖ్యలో బతికి బయటపడ్డారు. వారికి తిరిగి మాట నేర్పవలసిన అవసరం వచ్చింది. మొదటి యుద్ధకాలంలో జర్మనీలో కుర్ట్ గోల్డ్‌స్టైన్, రెండవ యుద్ధకాలంలో సోవియట్ యూనియన్‌లోని ఉరల్ ప్రాంతంలో అలెగ్జాండర్ లూరియా ఈ పని చేశారు. దెబ్బతిన్న భాగం తిరిగి బాగుపడకపోయినా, మిగిలిన భాగాలు కొత్త దారిలో అదే పనిని చేయగలవని లూరియా ప్రతిపాదించాడు. నేటి చికిత్సలకు కూడా ఈ భావన ఒక పునాది.

సమస్యలలో రకాలు

"మాట పడిపోయింది" అని జనం అనే మాట వెనుక అనేక వేర్వేరు సమస్యలు ఉన్నాయి. వీటిని విడదీయడమే చికిత్సలో మొదటి మెట్టు.

అఫేసియా: ఇది భాషకు వచ్చిన లోపం. రోగికి వస్తువు తెలుసు, దాని పేరు రాదు. కొందరికి విన్నది అర్థం కాదు. చదవడం, రాయడం కూడా దెబ్బతింటాయి. బ్రోకా రకం అఫేసియాలో వాక్యాలు తెగిపోయి విభక్తులు, క్రియాంతాలు జారిపోతాయి. ఉదాహరణకు, "నేను అమ్మాయితో ఊరికి వెళ్ళాను" అనవలసినవారు "అమ్మాయి... ఊరు..." అని ఆగిపోవచ్చు.

డిసార్త్రియా: ఇది కండరాల బలహీనత వలన వచ్చే ఉచ్చారణ లోపం. భాష చెక్కుచెదరదు. మాట ముద్దగా, ముక్కుతో పలికినట్లుగా లేదా మరీ నెమ్మదిగా వస్తుంది.

వాక్ అప్రాక్సియా: కండరాలలో బలం ఉంటుంది కానీ, వాటిని ఏ వరుసలో కదపాలో మెదడు నిర్దేశించలేదు. ఒకే మాటను ప్రతిసారీ వేరే విధంగా తప్పు పలకడం దీని లక్షణాలలో ఒకటి.

జ్ఞాన సంబంధ సంభాషణ లోపం: తలకు దెబ్బ తగిలినవారిలో ఇది ఎక్కువ. వ్యాకరణం సరిగానే ఉంటుంది. కానీ చెప్పే విషయం దారి తప్పుతుంది, చెప్పినదే మళ్ళీ చెబుతారు, హాస్యాన్ని గ్రహించలేరు, ఎదుటివారు మాట్లాడుతుండగా అడ్డు వస్తారు. ఇంటివారు దీనిని పొగరు అనో, మొండితనం అనో భావించే ప్రమాదం ఉన్నది.

అఫేసియా వచ్చినంత మాత్రాన తెలివి పోయినట్లు కాదు. స్వీడన్ కవి టోమాస్ ట్రాన్‌స్ట్రోమర్‌కు 1990లో పక్షవాతం వచ్చి మాట చాలావరకు పోయింది. అయినా ఆ తరువాత ఆయన కవితా సంపుటాలు వెలువడ్డాయి. 2011లో ఆయనకు నోబెల్ సాహిత్య బహుమతి లభించింది.

మింగుడు సమస్య

మింగడంలో ఇబ్బందిని డిస్ఫేజియా అంటారు. ముద్ద గొంతులోకి చేరగానే మెత్తని అంగిలి ముక్కు దారిని మూస్తుంది. స్వరపేటిక పైకి లేస్తుంది, కొండనాలుకకు దిగువన ఉండే ఉపజిహ్విక శ్వాసమార్గం మీదికి వంగుతుంది, స్వరతంత్రులు దగ్గరకు వస్తాయి, ఊపిరి క్షణకాలం ఆగుతుంది. ఇదంతా సుమారు ఒక సెకను కాలంలో ముగుస్తుంది. మెదడు దెబ్బతిన్నప్పుడు ఈ క్రమం ఆలస్యమైతే ఆహారం, నీరు ఊపిరితిత్తుల వైపు జారి న్యుమోనియాకు దారితీయవచ్చు.

భోజనం చేసేటప్పుడు పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని మనలో ఒక నానుడి ఉన్నది. పక్షవాతం వచ్చిన వ్యక్తికి పదే పదే పొలమారడం మాత్రం ప్రమాద సూచన. తిన్న తరువాత గొంతు బొంగురుగా, తడిగా మారడం, బుగ్గలో అన్నం నిలిచిపోవడం, కారణం తెలియని జ్వరం, బరువు తగ్గడం ఇతర సూచనలు. కొందరిలో దగ్గే ప్రతిచర్య కూడా దెబ్బతింటుంది. వీరికి ఆహారం శ్వాసనాళంలోకి పోయినా దగ్గు రాదు. కాబట్టి దగ్గు లేదు గనుక భయం లేదని అనుకోరాదు. స్పృహ సరిగా లేని వ్యక్తి నోట్లో నీళ్ళు, కాఫీ, మందు పోయడం ప్రాణాంతకం కావచ్చు.

పరీక్షలు

మొదట రోగి మెలకువగా ఉన్నాడో లేదో చూసి, కొద్దికొద్దిగా నీరు తాగించి గమనిస్తారు. అనుమానం ఉంటే బేరియం కలిపిన ఆహారం ఇచ్చి, మింగుతుండగా ఎక్స్-రే వీడియో తీస్తారు. ముక్కు గుండా సన్నని ఎండోస్కోపును పంపి గొంతును నేరుగా చూసే పద్ధతి కూడా ఉన్నది. భాషను పరీక్షించడానికి వస్తువుల పేర్లు చెప్పించడం, ఆజ్ఞలను పాటింపజేయడం, విన్నది తిరిగి చెప్పించడం, చదివించడం, రాయించడం చేస్తారు.

చికిత్సా పద్ధతులు

మొదటి వారాలలో వాపు తగ్గడం వలన కొంత మెరుగుదల సహజంగానే వస్తుంది. మొదటి మూడు నెలలలో వేగం ఎక్కువ. ఆ తరువాత వేగం తగ్గినా మార్పు ఆగిపోదు. సంవత్సరాల తరువాత కూడా సాధనతో మెరుగుపడినవారు ఉన్నారు. పక్షవాతం వలన వచ్చిన అఫేసియాపై 57 నియంత్రిత ప్రయోగాలను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష (2016), వాక్ చికిత్స వలన వ్యవహారంలో సంభాషణ మెరుగుపడుతుందని తేల్చింది. ఎక్కువ గంటల తీవ్ర సాధన మరింత మేలు చేయవచ్చు కానీ, దానిని మధ్యలో మానివేసేవారు కూడా ఎక్కువే అని అదే సమీక్ష తెలిపింది.

సొంతంగా ఒక మాట కూడా పలకలేనివారు వారాల పేర్లు, అంకెలు, ఎక్కాలు, బాగా వచ్చిన పాటలు అప్పజెప్పగలగడం చూసి ఇంటివారు ఆశ్చర్యపోతారు. అలవాటుగా వచ్చే మాటలు, ఆలోచించి కూర్చే మాటలు మెదడులో ఒకే దారిలో నడవవు. రాగయుక్తంగా పదాలను పలికిస్తూ, ఎడమ చేతితో తాళం వేయిస్తూ, క్రమంగా రాగాన్ని తగ్గించి మామూలు మాటకు తెచ్చే పద్ధతిని 1973లో అమెరికా పరిశోధకులు ప్రవేశపెట్టారు. 2011లో తలకు తుపాకీ గుండు తగిలిన అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ చికిత్సలో కూడా సంగీతాన్ని ఉపయోగించారు.

మాట రానివారికి బొమ్మల పలక, సైగలు, ఫోనులోని అనువర్తనాలు తోడ్పడతాయి. అక్షరాల పలక డిసార్త్రియా ఉన్నవారికి అనువైనది. అఫేసియాలో చదువు కూడా దెబ్బతింటుంది కనుక వారిలో చాలామందికి బొమ్మలే మేలు.

మింగుడు చికిత్సలో నాలుక, గొంతు కండరాల వ్యాయామాలు, గడ్డం ఛాతీ వైపు వంచి మింగడం, బలహీనమైన వైపుకు తల తిప్పి మింగడం వంటివి నేర్పుతారు. ఏ భంగిమ ఎవరికి పనికివస్తుందో పరీక్ష చేసి నిర్ణయించాలి. పదార్థాల చిక్కదనాన్ని 0 నుండి 7 వరకు గల అంతర్జాతీయ కొలమానంలో వర్గీకరిస్తారు. నీరు 0, మామూలు ఆహారం 7. పలుచని నీరు వేగంగా జారుతుంది కనుక చాలామందికి అదే కష్టం. చారు అన్నంలో మెతుకులు, ద్రవం కలిసి ఉండటం వలన దానిని మింగడం మెత్తగా కలిపిన పెరుగన్నం కంటే కష్టం కావచ్చు. నోటి శుభ్రత న్యుమోనియా ముప్పును తగ్గిస్తుంది. నోటి ద్వారా ఆహారం క్షేమం కానప్పుడు ముక్కు గొట్టం ద్వారా, ఎక్కువ కాలం అవసరమైతే పొట్టలోకి నేరుగా అమర్చిన గొట్టం ద్వారా పోషణ అందిస్తారు.

బహుభాషీయులు

తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిపి మాట్లాడే హైదరాబాదు వంటి నగరాలలో రోగికి ఏ భాష మిగిలింది అన్నది ముఖ్యమైన ప్రశ్న. అన్ని భాషలు సమానంగా కోలుకోవచ్చు, ఒకటి ముందుగా రావచ్చు. అందువలన వీలైతే అన్ని భాషలలోను పరీక్షించి, ఇంట్లో వాడే భాషను మరువకుండా చికిత్స చేయాలి. హైదరాబాదులో 608 మంది పక్షవాత రోగులపై జరిగిన అధ్యయనం (2016) ప్రకారం బహుభాషీయులలో 40.5 శాతం మందికి, ఏకభాషీయులలో 19.6 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా నిలిచింది. అఫేసియా విషయంలో మాత్రం ఇరువర్గాల మధ్య తేడా కనిపించలేదు.

భారతదేశంలో

మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో ఏర్పడింది. ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో వాక్-భాషా వైకల్యం ఒకటి. అఫేసియా వలన కలిగే శాశ్వత లోపం దీని కిందికి వస్తుంది.

కుటుంబ సభ్యుల పాత్ర

చికిత్సకుని వద్ద గడిచేది వారానికి కొన్ని గంటలే. మిగిలిన కాలమంతా రోగి ఇంటివారితోనే గడుపుతాడు. చిన్న వాక్యాలలో నిదానంగా మాట్లాడటం, టీవీ కట్టివేయడం, అవును-కాదు అని చెప్పగల ప్రశ్నలు అడగడం, జవాబు కోసం ఓపికతో వేచి ఉండటం, మాట మధ్యలో అందుకొని తామే పూర్తి చేయకుండా ఉండటం ఎంతో మేలు చేస్తాయి. వినికిడి లోపం లేనివారితో గట్టిగా అరవడం వలన ఉపయోగం లేదు. భోజనం నిటారుగా కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా పెట్టి, తరువాత అరగంట వరకు పడుకోనివ్వకపోవడం మంచిది. రోగి ఎదుట అతని గురించి అతను లేనట్లుగా మాట్లాడరాదు. బదులు చెప్పలేకపోయినా అతడు వింటూ ఉండవచ్చు.