గోదావరి పొంగితే మీ పొలం ఏ ఎత్తులో ఉంది? వానల ముందే కొలిచి పెట్టుకోండి

వానకాలంలో ఫోన్లో మెసేజ్ వస్తుంది: "ఎస్సారెస్పీ నీటిమట్టం 1091 అడుగులు, గేట్లు ఎత్తివేత." ధర్మపురి చుట్టుపక్కల గోదావరి ఒడ్డున సాగు చేసే రైతుకు ఆ అంకె చూడగానే గుబులు మొదలవుతుంది. కానీ ఆ అంకెకూ తన పొలానికీ ఉన్న లెక్క చాలామందికి తెలియదు. తెలిస్తే ఏ రోజు మోటరు విప్పాలో, ఏ రోజు నిశ్చింతగా ఉండొచ్చో ముందే చెప్పుకోవచ్చు.

1091 అడుగులంటే డ్యాంలో నీళ్ల లోతు కాదు. సముద్ర మట్టం నుంచి నీటి పైభాగం దాకా ఉన్న ఎత్తు. నూరేళ్ల కిందట విశాఖపట్నంతో సహా తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లను ఏళ్ల తరబడి కొలిచి, సగటు తీసి, దాన్ని సున్నా అనుకున్నారు. అక్కడి నుంచి సర్వే వాళ్లు మెట్టుమెట్టుగా దేశమంతా ఎత్తులు కొలుచుకుంటూ వచ్చారు. రైల్వేస్టేషన్‌లో ఊరిపేరు రాసిన పసుపు బోర్డు అడుగున ఉండే మీటర్ల అంకె కూడా ఇదే.

ఒక చిక్కుంది. ఎస్సారెస్పీ, కడెం అంకెలు అడుగుల్లో చెబుతారు. ఎల్లంపల్లిది మీటర్లలో చెబుతారు. ఎస్సారెస్పీ పూర్తి మట్టం 1091 అడుగులు, కడెం 700 అడుగులు, ఎల్లంపల్లి 148 మీటర్లు. మీటర్లను 3.28తో గుణిస్తే అడుగులు వస్తాయి. అంటే ఎల్లంపల్లి దాదాపు 485 అడుగులు. మనకు ఎగువన ఎస్సారెస్పీ, కడెం, దిగువన ఎల్లంపల్లి.

మట్టం ఒక్కటే చూస్తే లాభం లేదు. డ్యాంలో ఇంకా ఎంత ఖాళీ ఉంది, ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, ఎన్ని వదులుతున్నారు అన్నదే అసలు సంగతి. లక్ష క్యూసెక్కుల వరద రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. ఎస్సారెస్పీ దాదాపు 80 టీఎంసీల చెరువు. ఖాళీగా ఉంటే ఆ వరదను తొమ్మిది రోజులు కడుపులో పెట్టుకుంటుంది. కడెం అంతకంటే చాలా చిన్నది. అదే వరదకు ఖాళీ కడెం కూడా ఒక్క రోజు తిరక్కుండానే నిండిపోతుంది. అందుకే నేను రైతులకు ఎప్పుడూ చెప్పేది, ఎస్సారెస్పీ కంటే కడెం మెసేజ్‌కే ఎక్కువ భయపడాలని. ఎస్సారెస్పీ విషయంలో కాస్త వ్యవధి దొరుకుతుంది, కడెం విషయంలో దొరకదు. 1958లో కడెం కట్ట మీదుగా నీళ్లు పొంగి తెగింది. 2022 జులై 13న గేట్లన్నీ కలిసి వదలగలిగిన దానికంటే చాలా ఎక్కువ వరద వచ్చింది. 2023 జులైలో మళ్లీ అదే భయం. ఆదిలాబాద్ అడవుల్లో రాత్రి పడ్డ వాన తెల్లారేసరికి కడెంలో ఉంటుంది. మన ఊళ్లో చినుకు పడకపోయినా సరే.

దూరం కాదు, ఎత్తు చూడండి

"మా పొలం గోదావరికి రెండు కిలోమీటర్లు ఉంటది సార్, మాకేం కాదు" అనే మాట చాలాసార్లు విన్నాను. నీటికి కిలోమీటర్లు తెలియవు, ఎత్తుపల్లాలే తెలుసు. గోదావరి నిండుగా పారుతున్నప్పుడు అందులో కలవాల్సిన వాగు కలవలేక వెనక్కి తంతుంది. ఏరు కనిపించని చోట, వాగు పక్కన పల్లంలో ఉన్న మడి మునుగుతుంది. అదే సమయంలో ఒడ్డు మీదే ఉన్నా ఎత్తుగా ఉన్న చెలక పొడిగా ఉండొచ్చు. ఎల్లంపల్లి నిండుగా ఉంటే కోటిలింగాల వైపు బ్యాక్‌వాటర్ నిలిచి, ఆ పైన పడ్డ వాన నీళ్లు పోవడం ఇంకా నిదానమవుతుంది.

కోనసీమ రైతుల కష్టమూ ఇదే. అక్కడ ఎల్లంపల్లి స్థానంలో సముద్రం ఉంటుంది. పోటు మీద ఉన్నప్పుడు గోదావరికి వరద వస్తే డ్రెయిన్లు పారవు, వరి రోజుల తరబడి నీళ్లలోనే ఉంటుంది. పైగా సముద్రమే పెరుగుతోంది. 1901 నుంచి 2018 నాటికి ప్రపంచ సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, ఇప్పుడు ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్లు. రేవుల్లో కొలబద్దలు, 1990ల నుంచి ఉపగ్రహాలు దీన్ని కొలుస్తున్నాయి. తీరంలో ఏ ఊరు ఎంత పల్లంలో ఉంది, ఎక్కడ కోత పడుతోంది అన్న మ్యాపులు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ తయారు చేస్తుంది. 148 మీటర్లకు పైన ఉన్న మనదాకా సముద్రం రాదు. కానీ వాళ్లు చేసే పనిని మనం మన ఊరికి చేసుకోవచ్చు: నీళ్లు ఏ ఎత్తుకు వస్తాయి, నా భూమి ఏ ఎత్తులో ఉంది, ఈ రెండూ ఒకే కాగితం మీద పెట్టడం.

ఫోన్ యాప్‌లో చూపించే ఎత్తును నమ్మకండి. ఫోన్ లెక్కకూ సముద్ర మట్టం లెక్కకూ మన ప్రాంతంలో పదుల మీటర్ల తేడా రావచ్చు. ఉపగ్రహ మ్యాపుల్లో ఎత్తు కూడా కొన్ని మీటర్లు అటూఇటూ ఉంటుంది. మనకు కావాల్సింది జానెడు తేడా.

దీనికి తాపీ మేస్త్రీ వాడే లెవల్ పైపు చాలు. ముందు 2022 జులైలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తు వెతకండి: గుడి గోడ మీద మరక, కరెంటు స్తంభం, మోటరు గది తలుపు. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగును అడిగి ఖాయం చేసుకోండి, ఎందుకంటే వరద కథలో నీళ్లు ఏటేటా ఒక అడుగు పెరుగుతుంటాయి. ఆ గుర్తు మీద రంగు గీత వేయండి. 15, 20 మీటర్ల తెల్ల పైపులో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒకరు ఒక కొసను గీత దగ్గర పట్టుకోవాలి. రెండో మనిషి పొలం వైపు గూటం పాతి రెండో కొసను పట్టుకోవాలి. రెండు కొసల్లో నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. మొదటి కొసలో నీళ్లు గీతకు సరిగ్గా ఆగేలా పైపు సర్ది, గూటం మీద ఆ ఎత్తు గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి ముందుకు పోవాలి. పొలం దాకా వెళ్లాక గుర్తు నుంచి నేల దాకా టేపుతో కొలవండి. నాలుగు అడుగులు వచ్చిందంటే అలాంటి వరదకు అక్కడ నాలుగు అడుగుల నీళ్లు ఉంటాయని లెక్క. బుడగ ఉంటే లెక్క తప్పుతుంది, ప్రతిసారీ చూసుకోండి. ఏటి నీళ్లు కూడా వాలుగా పారతాయి కాబట్టి కిలోమీటర్ల దూరంలోని గుర్తు పనికిరాదు, మీకు దగ్గరిదే వాడండి.

పొలం పల్లపు మూల, మోటరు దిమ్మె, స్టార్టర్ డబ్బా, పశువుల కొట్టం, ఈ నాలుగింటి ఎత్తూ గీతకు ఎంత కిందో నోటు పుస్తకంలో రాసుకోండి. ఊళ్లో పదిమంది కలిసి చేస్తే రైతు వేదికలో ఏఈఓ దగ్గర గ్రామ నక్షా కాపీ మీద మునిగే సర్వే నంబర్లకు రంగు వేయొచ్చు. తర్వాత ఏటి దగ్గర ఒక కొలబద్ద కావాలి. ధర్మపురి వాళ్లకు ఘాట్ మెట్లే కొలబద్ద. మిగతా ఊళ్లలో దగ్గరి వంతెన స్తంభం. పల్లపు మూలకు నీళ్లు తాకిన రోజు ఎన్నో మెట్టు మునిగింది, కడెం ఎన్ని క్యూసెక్కులు వదిలింది, వదిలిన ఎన్ని గంటలకు వచ్చింది అన్నది తేదీతో రాయండి. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు ఉన్నాయి. అక్కడి జనం అంకె వినగానే ఏం చేయాలో తేల్చుకుంటారు. రెండు మూడు సీజన్ల రాతలతో మీ ఊరికీ మూడు గీతలు తయారవుతాయి.

పంట కూడా ఆ గీతను బట్టే వేయాలి. గీత కింద పసుపు వద్దు. నీళ్లు నిలిస్తే దుంపకుళ్లు వస్తుంది, పెట్టుబడి మొత్తం పోతుంది. మక్క కూడా నీటి నిల్వకు ఓర్వదు. పల్లంలో వరే కాస్త నయం. నాట్లేసి కుదురుకున్నాక మునిగినా తట్టుకునే స్వర్ణ సబ్-1 లాంటి రకాలు ఉన్నాయి. అవి మన సీజన్‌కు, మన మార్కెట్‌కు సరిపోతాయా అన్నది పొలాస పరిశోధన కేంద్రంలో అడిగాకే విత్తనం కొనండి. వరద హెచ్చరిక ఉన్న వారం యూరియా చల్లొద్దు, నీటితో పాటే పోతుంది.

స్టార్టర్ డబ్బాను గీతకు కనీసం రెండడుగులు పైన బిగించండి. ఏటి ఒడ్డు మోటరును మొదటి గీతకే, పగటిపూటే విప్పి తెచ్చుకోండి. నీళ్లు చేరాక, చీకట్లో, కరెంటు ఉందో పోయిందో తెలియకుండా మోటరు కోసం ఏట్లోకి దిగొద్దు. ముందు లైన్‌మన్‌కు ఫోన్ చేసి ట్రాన్స్‌ఫార్మర్ బంద్ చేయించండి. ఆయన నంబర్ కూడా అదే నోటు పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.