చిగుళ్ళ జబ్బుకు, కీళ్ళవాతానికి సంబంధమున్నదా?

"నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నది మన పెద్దల సామెత. మాటతీరును గురించి పుట్టిన ఈ సామెత శరీరమనే ఊరికి కూడా వర్తిస్తుందని నేటి పరిశోధనలు తెలుపుతున్నవి. పళ్ళు తోముకొనేటప్పుడు చిగుళ్ళ నుండి కొద్దిగా రక్తం రావడం చాలా ఇళ్ళలో లెక్కలోనికి రాని విషయం. పన్ను నొప్పి పుట్టనంతవరకు దంతవైద్యుని వద్దకు వెళ్ళే అలవాటు మనకు తక్కువ. కాని ఆ ఇంటిలో కీళ్ళవాతంతో బాధపడేవారు ఉన్నట్లయితే ఈ లక్షణాన్ని ఉపేక్షించరాదు.

ఏ కీళ్ళవాతం?

వయసు మీరినకొద్దీ అరుగుదల వలన వచ్చే మోకాలి నొప్పిని గురించి కాదు మనమిక్కడ ముచ్చటించుకొనేది. వైద్యులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పిలిచే వ్యాధి వేరు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తి దారితప్పి సొంత కీళ్ళ పైననే దాడిచేయడం దీని స్వభావం. చేతివేళ్ళు, మణికట్లు, కాలివేళ్ళ వంటి చిన్న కీళ్ళు రెండువైపులా వాచి నొప్పిపెడతాయి. ఉదయం లేవగానే గంటసేపో, అంతకు మించియో చేతులు బిగుసుకొనిపోతాయి. పురుషులలో కంటె స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. సకాలంలో చికిత్స జరగనిచో కీళ్ళు శాశ్వతంగా వంకరపోతాయి.

నోటిలో ఏమి జరుగుతున్నది?

మన నోటిలో వందలాది జాతుల సూక్ష్మజీవులు నివసిస్తాయి. వాటిలో అధికభాగం హానిచేయనివే. పళ్ళపై పేరుకొన్న పాచిని తొలగించకపోతే అది గట్టిపడి గారగా మారుతుంది. చిగురు వాచి, పంటికి చిగురుకు నడుమ సందు ఏర్పడుతుంది. గాలి సోకని ఆ సందులలో కొన్ని దుష్ట సూక్ష్మజీవులు వృద్ధిచెందుతాయి. పార్ఫైరోమోనాస్ జింజివాలిస్ అన్నది వాటిలో ముఖ్యమైనది.

మాంసకృత్తులలోని ఆర్జినిన్ అనే భాగాన్ని సిట్రులిన్‌గా మార్చగల ఎంజైము ఈ జీవికి ఉన్నది. ఇట్లు రూపుమారిన మాంసకృత్తులను కొందరి శరీరం పరాయివిగా భావించి, వాటికి ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. వైద్యులు వ్రాసే యాంటీ సి.సి.పి. రక్తపరీక్ష వెతికేది ఈ ప్రతిరక్షకాలనే. కీళ్ళ నొప్పులు మొదలు కావడానికి కొన్ని సంవత్సరాల ముందే ఇవి రక్తంలో కనిపించవచ్చును. అందువలన వ్యాధికి బీజం కీళ్ళలో కాక నోరు, ఊపిరితిత్తుల వంటి చోట్ల పడుతుందేమోనని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

2016లో అమెరికా పరిశోధకులు చిగుళ్ళ జబ్బు కలిగించే మరొక సూక్ష్మజీవి విడుదలచేసే విషం వలన కూడా తెల్లరక్తకణాలలో ఇటువంటి మార్పే కలుగుతుందని చూపినారు. 2023లో వెలువడిన మరొక పరిశోధనలో, చిగుళ్ళ జబ్బు కూడ ఉన్న కీళ్ళవాత రోగుల రక్తంలోనికి నోటి సూక్ష్మజీవులు మాటిమాటికి చేరుతున్నట్లు తేలినది.

అట్లని చిగుళ్ళ జబ్బు ఉన్న ప్రతివారికి కీళ్ళవాతం వస్తుందని భయపడవలసిన పని లేదు. వంశపారంపర్య లక్షణాలు, పొగత్రాగుట వంటి కారణాలు కూడా ఇందులో కలిసి ఉంటాయి.

ఆయుర్వేదం చెప్పినది

సుశ్రుత సంహిత ముఖరోగాలను 65గా లెక్కించి, వాటిలో 15 దంతమూలాలకు చెందినవని చెప్పినది. చిగుళ్ళ నుండి రక్తం స్రవించే శీతాదం, చీము రక్తం కారి పళ్ళు కదలే దంతవేష్టం వీటిలోనివే. ఆమవాతాన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించినది మాధవనిదానం. జఠరాగ్ని మందగించగా పుట్టిన ఆమము వాతంతో కూడి సంధులలో చేరుతుందని దాని సిద్ధాంతం. నేటి సూక్ష్మజీవి, నాటి ఆమము ఒక్కటేనని చెప్పడం తొందరపాటు. అయినను, సంధుల వ్యాధికి మూలాన్ని సంధులకు వెలుపల వెతకవలెనన్న దృష్టి రెండింటిలోను కనబడుతున్నది.

పళ్ళు పీకిన కాలం

1900లో విలియం హంటర్ అనే లండన్ వైద్యుడు నోటిలోని చీము అనేక రోగాలకు కారణమని ప్రకటించినాడు. ఆ తరువాతి దశాబ్దాలలో కీళ్ళ నొప్పులు తగ్గుతాయన్న ఆశతో పాశ్చాత్య దేశాలలో వేలాదిమంది పళ్ళు పీకివేసినారు. 1938లో సెసిల్, ఆంజివైన్ అనే అమెరికా వైద్యులు 200 మంది కీళ్ళవాత రోగులను పరిశీలించి, ఇట్టి చికిత్స వలన ప్రయోజనం కనబడలేదని తేల్చినారు. పళ్ళు పోయినవి గాని వ్యాధి పోలేదు. ఈ అనుభవం మనకు గుణపాఠం కావలెను. చిగుళ్ళను శుభ్రపరిచిన పిమ్మట కీళ్ళ వాపు కొంత తగ్గినట్లు కొన్ని చిన్న పరిశోధనలు తెలిపినవి. మరికొన్నింటిలో మార్పు కనబడలేదు. కనుక నోటి శుభ్రత కీళ్ళవాత చికిత్సకు తోడు మాత్రమే, దానికి బదులు కాదు.

ఇంటిలో ఆచరించదగినవి

1. ఉదయం, రాత్రి పడుకొనే ముందు మెత్తని బ్రష్షుతో రెండేసి నిమిషాలు పళ్ళు తోముకొనవలెను. వేళ్ళు బిగుసుకొని బ్రష్షు పట్టుకొనలేనివారు దాని పిడికి గుడ్డ చుట్టి లావుగా చేసుకొంటే పట్టు చిక్కుతుంది.

2. వేప, చండ్ర, కానుగ పుల్లలను సుశ్రుతుడు దంతధావనానికి శ్రేష్ఠమని చెప్పినాడు. పుల్ల కొసను కుంచెవలె మెత్తగా నమిలిన తరువాతనే, చిగుళ్ళకు గాయం కాకుండా వాడవలెను.

3. ఒక చెంచా త్రిఫల చూర్ణాన్ని గ్లాసుడు నీటిలో సగం మిగిలేవరకు కాచి, వడగట్టి, గోరువెచ్చగా పుక్కిలించవలెను. త్రిఫల లేనప్పుడు గ్లాసుడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు చాలును.

4. రెండు చెంచాల నువ్వులనూనెను అయిదు నుండి పది నిమిషాలు నోటిలో త్రిప్పి ఉమ్మివేయవలెను. మింగరాదు. దవడ కీలు నొప్పి ఉన్నవారు, మింగుటకు ఇబ్బందిపడేవారు దీనిని మానవలెను.

5. ఇటుకపొడి, బొగ్గుపొడి, రాతి ఉప్పుతో గట్టిగా రుద్దరాదు. పంటి పైపొర అరుగుతుంది.

6. పొగాకు చిగుళ్ళకు, కీళ్ళకు ఉభయత్రా శత్రువు. చుట్ట, బీడీ, ఉత్తరాంధ్ర తీరంలో కొందరు స్త్రీలకు అలవాటైన అడ్డపొగ తప్పక మానవలెను. పొగత్రాగేవారిలో చిగుళ్ళ రక్తస్రావం తక్కువగా కనిపించి, జబ్బు ముదిరేవరకు బయటపడకపోవచ్చును.

కొన్ని హెచ్చరికలు

ఒకసారి గట్టిపడిన గార ఏ కషాయంతోను కరగదు. దానిని దంతవైద్యుడే తొలగించవలెను. చిగుళ్ళ వాపు, నోటి దుర్వాసన, పళ్ళ కదలిక కనబడిన కీళ్ళవాత రోగులు ఆలస్యం చేయరాదు. తాము వాడే మందుల పేర్లన్నీ దంతవైద్యునికి చెప్పవలెను. రక్షణశక్తిని తగ్గించే మందులు వాటిలో ఉండవచ్చును.

మెథోట్రెక్సేట్ వాడేవారికి కొన్నిసార్లు నోటిపూత వస్తుంది. అంతమాత్రాన మందును సొంతంగా ఆపక, వెంటనే వైద్యునికి తెలపవలెను. నోరు, కళ్ళు తరచు ఎండిపోవడం కూడా ఈ వ్యాధికి తోడుగా రావచ్చును. లాలాజలం తగ్గిన నోటిలో పళ్ళు త్వరగా పుచ్చిపోతాయి.

కీళ్ళ వైద్యుడు నోరు చూడడు, పళ్ళ వైద్యుడు కీళ్ళను అడగడు. ఆ ఇద్దరికీ నడుమ వార్త చేరవేయవలసినది రోగియే, ఇంటివారే. ఈసారి కీళ్ళ మందుల చీటీతో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, చిగుళ్ళ నుండి రక్తం వస్తున్న సంగతి కూడా చెప్పండి.