మీకు తెలుసా? గంజాయికీ స్కిజోఫ్రీనియాకీ లంకె

1969–70లో స్వీడన్‌లో నిర్బంధ సైనిక సేవకు వచ్చిన కుర్రాళ్లను ‘గంజాయి ఎన్నిసార్లు తాగారు?’ అని అడిగారు. పేరుతో సహా ఇచ్చే జవాబు కదా, కొందరు దాచే ఉంటారు! 45 వేల మందికి పైగా యువకుల ఆసుపత్రి రికార్డులను 15 ఏళ్లపాటు గమనించారు. 50 సార్లకు మించి తాగామన్నవాళ్లలో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు ముప్పు, అసలు ముట్టనివాళ్ల కంటే 6 రెట్లు తేలింది. 1987లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక దీన్ని ప్రచురించింది. అప్పటికే ఉన్న మానసిక సమస్యలు, ఇంటి పరిస్థితులు లెక్కలోకి తీసుకుంటే ఆ ఆరు రెండున్నర లోపుకు దిగింది. దిగింది గానీ పోలేదు.

తాగేవాళ్లలో చాలామందికి ఈ జబ్బు రాదు. మత్తెక్కించే టీహెచ్‌సీ ఎక్కువున్న సరుకు రోజూ తాగేవాళ్లకు, చిన్న వయసులోనే మొదలుపెట్టినవాళ్లకు, రక్తసంబంధీకుల్లో ఈ జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ.