అడవి సరే... పొయ్యిలోకి ఏది?

"పీతలు ఇంత ప్రియమా?" అని బేరం మొదలెట్టగానే, కాకినాడలో మా ఇంటికొచ్చే చేపలావిడ బుట్ట దించి కూర్చుంది. "మడ పలచబడితే పీతలెక్కడివమ్మగారూ? ఓసారి వచ్చి చూడండి" అంది. సరే అని ఆదివారం ఆవిడతో కోరంగి వెళ్లాను.

మడ అడవంటే బురద, దోమలు... అంతే అనుకునేదాన్ని. పడవ పాయలోకి తిరిగాక చూస్తే, బురదలోంచి మేకుల్లా పైకి లేచిన వేళ్లు! "రొయ్యపిల్లకీ, పీతపిల్లకీ ఇదే పుట్టిల్లు" అందావిడ. తుఫాను రోజున కెరటం జోరు తగ్గించేదీ ఈ చెట్లే.

కోరంగిని 1978లోనే అభయారణ్యం చేశారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. అయితే కాగితం మీద రాసినంత మాత్రాన అడవి నిలవదు కదా! చెట్లు కొట్టేసిన చోట నేల ఎండి, ఉప్పు పేరుకుని, మళ్లీ మొక్క మొలవదు.

1990ల చివర్లో స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ కలిసి భారత్-కెనడా పర్యావరణ నిధి డబ్బుతో ఈ పని చేపట్టాయి. చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు. నడుమ పెద్ద కాలువ, అటూ ఇటూ ఏటవాలుగా పిల్లకాలువలు. పోటు నీరు వచ్చి, పాటుతో పోతూ ఉప్పు కడిగేస్తుంది. ఆ తర్వాతే మొక్క నాటడం. ఊళ్లలో వన సంరక్షణ సమితులు పెట్టి, ఇంటికో మగవారినీ, ఓ ఆడవారినీ సభ్యుల్ని చేశారు. 2004తో ఆ పథకం ముగిసింది.

కానీ కాలువలకు పథకం ముగిసిందని తెలియదు! ఒండ్రు నిండుతూనే ఉంటుంది. తియ్యడానికి కూలి డబ్బులెవరిస్తారు?

ఆవిడ బాధ ఇంకొకటి. "కట్టె కొట్టొద్దన్నారు, మానేశాం. అడవి సరే, పొయ్యిలోకి ఏది? గ్యాసు బండ అయిపోయిన నెల ఏం చెయ్యాలి?" నా దగ్గర జవాబు లేదు. మొక్కల లెక్క రాసేవారు చాలామందే ఉంటారు. ఈ పొయ్యి లెక్క ఎవరు రాస్తారు?

2023-24 కేంద్ర బడ్జెట్‌లో మడ అడవుల పెంపకానికి 'మిష్టి' పథకం ప్రకటించారు. సంతోషమే. అయితే రేపు ఎవరైనా మడమొక్కలు నాటుతున్నామని మనల్ని చందా అడిగితే, ఇచ్చే ముందు నాలుగు మాటలు అడుగుదాం. కూలి ఊరివాళ్లకేనా? డబ్బు ఖర్చు చేసే కమిటీలో ఆడవాళ్లు ఉన్నారా? కట్టె మానేసిన ఇంటికి బదులేమిస్తారు? అయిదేళ్ల తర్వాత కాలువ పూడిక ఎవరు తీస్తారు?

సోమవారం ఆవిడ మళ్లీ వచ్చింది. బేరం ఆడలేదని చెప్పను, అలవాటు పోదుగా! కాకపోతే ఈసారి బుట్ట నేనే ఎత్తి ఆవిడ తల మీద పెట్టాను. ఎంత బరువుందో అప్పుడే తెలిసింది.