పీరియడ్ బయటి పనికి జీతమేది?

తెలంగాణ ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్లకు ఇటీవలి సంవత్సరాల్లో ఇస్తున్న డబ్బు లెక్క ఇది: పీరియడ్‌కు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్లకు మించకూడదు. ఒక్క పీరియడ్ కూడా పోకుండా చెబితే నెలకు 28,080 రూపాయలు. దసరాకో సంక్రాంతికో సెలవులిస్తే పీరియడ్లు తగ్గుతాయి, వాటితోపాటే డబ్బూ తగ్గుతుంది. వేసవిలో ఆ కాస్తా ఉండదు. జూన్‌లో కాలేజీ తెరిచాక రెన్యువల్ ఉత్తర్వు వచ్చేదాకా ఈ ఏడు పని ఉంటుందో లేదో చెప్పేవారుండరు. గెస్ట్ అన్నా, పార్ట్‌టైమ్ అన్నా, అవర్లీ బేసిస్ అన్నా, రాష్ట్రాన్ని బట్టి రేటు మారుతుందేమో గానీ పద్ధతి ఇదే. రేటు తక్కువన్న సంగతి అందరికీ తెలుసు. అంతకంటే పెద్ద అన్యాయం ఆ లెక్క వేసే తీరులోనే ఉంది. లెక్చరర్ చేసే పనిలో బోర్డు ముందు నిలబడిన గంటను మాత్రమే పనిగా గుర్తించి, మిగతా పనంతా ఊరికే చేయించుకుంటున్నారు. ఈ లెక్క మారాలంటే ఒక్కొక్కరూ ప్రిన్సిపాల్ గదిలో బతిమాలుకుంటే సరిపోదు, సంఘంగా నిలబడి అడగాలి. అలా అడుగుతున్నవారి వైపు న్యాయముందని నా నమ్మకం.

పీరియడ్ బయట ఉండే పని ఏమిటో బయటివాళ్లకు అంతగా తెలియదు. అరవై మంది ఉన్న సెక్షన్‌కు ఒక స్లిప్ టెస్ట్ పెడితే, పేపరుకు నాలుగు నిమిషాల చొప్పున దిద్దినా నాలుగు గంటలు పడుతుంది. ఆ నాలుగు గంటలకు పైసా రాదు. రేపటి పాఠానికి ఈ రాత్రి నోట్స్ రాసుకోవాలి, సిలబస్ మారిన ఏడాది ఆ నోట్స్ మొదటి నుంచీ రాసుకోవాలి. ప్రాక్టికల్ రికార్డులు దిద్దాలి, హాజరు రిజిస్టర్లు నింపాలి, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్ ఉంటుంది. అడ్మిషన్ల కాలంలో పిల్లల్ని చేర్పించమని ఊళ్లు తిరగాలి. డిగ్రీ కాలేజీల నాణ్యతను చూసే నాక్ మదింపు వస్తోందంటే ఫైళ్లు సర్దే పనిలో గెస్ట్ లెక్చరర్లూ ఉంటారు. వీటిలో ఏది మానేసినా కాలేజీ నడవదు. కానీ ఏదీ బిల్లులోకి రాదు.

ఈ లెక్క తప్పని చెప్పడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, నిబంధనలే సాక్ష్యం. 2018 నిబంధనల ప్రకారం డిగ్రీ, పీజీ స్థాయిలో పూర్తికాలపు అధ్యాపకుల పని వారానికి కనీసం 40 గంటలు. అందులో అసిస్టెంట్ ప్రొఫెసర్ తరగతిలో చెప్పాల్సింది 16 గంటలు. తక్కిన 24 గంటల్లోనూ పనే చేస్తారని యూజీసీ ఒప్పుకున్నట్టే కదా! అంటే తరగతిలో గంట చెప్పడం వెనుక మరో గంటన్నర పని ఉంటుంది. ఆ కొలతతో చూస్తే 390 రూపాయల పీరియడ్ రేటు నిజానికి గంటకు 156 రూపాయలే అవుతుంది. ఇంటర్ పాఠానికి అంత సిద్ధపడక్కర్లేదని ఎవరైనా అంటే, బయటి పని గంటే అనుకుందాం. అప్పుడూ గంటకు దక్కేది 195 రూపాయలే. ఇంకో సంగతి గమనించాలి. నెలకు నాలుగు వారాల లెక్కన 72 పీరియడ్లంటే వారానికి 18. పర్మనెంట్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు యూజీసీ పెట్టిన 16 గంటల కంటే అది ఎక్కువ. ఇంత బోధన చేసేవారి పనిని పార్ట్‌టైమ్ అనడం సరికాదు.

అలాగని వేతనం మీద నిబంధనలు లేకపోలేదు. కాంట్రాక్టు నియామకాలు మొత్తం అధ్యాపక పోస్టుల్లో 10 శాతం దాటకూడదనీ, వారికిచ్చే మొత్తం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల వేతనానికి తగ్గకూడదనీ అదే 2018 నిబంధనలు చెబుతున్నాయి. గెస్ట్ ఫ్యాకల్టీ కోసం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో లెక్చర్‌కు 1,500 రూపాయలు, నెలకు 50,000 పరిమితి పెట్టారు. ఆ రేటు మెరుగే. కానీ అదీ పీరియడ్ లెక్కే, సెలవులు, పింఛన్, గ్రాట్యుటీ లేని లెక్కే. ఆ మాత్రం కూడా చాలా రాష్ట్రాల్లో కాగితం దాటలేదు. ఏళ్ల తరబడి భర్తీ కాని పోస్టుల పనిని గెస్ట్ లెక్చరర్లతో నడిపిస్తే, ఏడవ వేతన సంఘం ప్రకారం 57,700 మూలవేతనంతో మొదలయ్యే కొలువుకు అయ్యే ఖర్చులో చాలా భాగం మిగులుతుంది. ఆ మిగులుకు అలవాటు పడిన యాజమాన్యాలు, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, తమంతట తాము దాన్ని వదులుకోవు.

న్యాయస్థానాలు ఈ విషయంలో స్పష్టంగానే మాట్లాడాయి. సమాన పనికి సమాన వేతనం అన్నది రాజ్యాంగంలోని 14, 16, 39(డి) అధికరణాలను కలిపి చదివితే వచ్చే హక్కని 1982లో రణధీర్ సింగ్ కేసులో తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. ఢిల్లీ పోలీసు శాఖలో పనిచేసే ఒక డ్రైవర్ వేసిన కేసది. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసి, రెగ్యులర్ ఉద్యోగితో సమానమైన పని చేసే తాత్కాలిక ఉద్యోగికి ఆ పే స్కేల్‌లో కనీస వేతనం ఇవ్వాల్సిందేనని తేల్చింది. 2025 ఆగస్టులో గుజరాత్ కేసు నేరుగా అధ్యాపకులదే. అక్కడి ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల్లో, పాలిటెక్నిక్‌లలో కాంట్రాక్టు మీద పనిచేసే అసిస్టెంట్ ప్రొఫెసర్లకు నెలకు 30,000 ఇచ్చేవారు. పక్క గదిలో అదే పాఠం చెప్పే రెగ్యులర్ అధ్యాపకుడికి లక్షా ముప్పై వేలు దాటి వచ్చేది. జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీల ధర్మాసనం వారికి కనీస స్కేల్ ఇవ్వాలనీ, పిటిషన్ వేసిన నాటికి ముందు మూడేళ్ల నుంచి బకాయిలను 8 శాతం వడ్డీతో చెల్లించాలనీ ఆదేశించింది. సభల్లో గురువును దైవమని కీర్తించే శ్లోకం చదివితే సరిపోదనీ, ఆ గౌరవం దేశం వారితో మెలిగే తీరులో కనబడాలనీ ఆ తీర్పులో ఉంది.

మామూలుగా వినిపించే అభ్యంతరాల్లో బలమైనది దొడ్డిదారి వాదన. పోటీ పరీక్ష రాయకుండా, రిజర్వేషన్ రోస్టర్ పాటించకుండా వచ్చినవారికి హక్కులేమిటి, ఏళ్లుగా నోటిఫికేషన్ కోసం చదువుతున్న నిరుద్యోగి సంగతేమిటి అని అడుగుతారు. అందులో న్యాయం లేకపోలేదు. 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది కూడా, తాత్కాలికంగా పనిచేసినంత మాత్రాన పర్మనెంట్ చేయమని అడిగే హక్కు రాదనే. కానీ పర్మనెంట్ చేయడం వేరు, చేసిన పనికి జీతమివ్వడం వేరు. జగ్జీత్ సింగ్ తీర్పు వేతనం దగ్గర ఉమాదేవి తీర్పు అడ్డురాదని వివరించింది. రేపు నోటిఫికేషన్ ఇచ్చి, రోస్టర్ ప్రకారం అందరికీ పరీక్ష పెట్టి భర్తీ చేయొచ్చు, చేయాలి కూడా. అప్పటివరకు ఆ పాఠం చెప్పిన మనిషికి సగం జీతం కూడా ఇవ్వకపోవడానికి ఏ రోస్టరూ కారణం కాదు. అర్హత మాటకొస్తే, గెస్ట్ ఫ్యాకల్టీకీ రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కున్న అర్హతలే ఉండాలని 2019 మార్గదర్శకాలే చెబుతున్నాయి. నెట్ లేదా సెట్ పాసైనవారో, పీహెచ్‌డీ చేసినవారో అయ్యుండాలన్నమాట.

ఇన్ని తీర్పులుండగా సంఘాలెందుకు, ధర్నాలెందుకు అంటే, తీర్పు దానంతటదే ప్రతి కాలేజీకీ నడిచి రాదు. గుజరాత్ అధ్యాపకులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే దక్కింది అది. పైగా లెక్చరర్‌కు లేబర్ కోర్టు తలుపు కూడా తెరుచుకోలేదు. గోవాకు చెందిన సుందరాంబాళ్ కేసులో, అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచరు 'వర్క్‌మన్' కాదని 1988లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఫ్యాక్టరీ కార్మికుడికి ఆ చట్టం ఇచ్చిన దారి చదువు చెప్పేవారికి మూసుకుపోయింది. ఇక మిగిలింది హైకోర్టులో రిట్, అదీ సొంత ఖర్చుతో. జూన్‌లో రెన్యువల్ ఎవరి చేతిలో ఉందో వారి మీద ఒంటరిగా కేసు వేయడానికి ఎవరికి ధైర్యం చాలుతుంది? జేఏసీలు ఆ భయాన్ని పదిమందికి పంచి తగ్గిస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో కాంట్రాక్టు లెక్చరర్లు ఇరవై ఏళ్లకు పైగా సంఘాలుగా నిలబడబట్టే 2023లో ఆంధ్రప్రదేశ్‌లో కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణకు చట్టం వచ్చింది, అదే ఏడాది ఏప్రిల్ 30న తెలంగాణలో 5,544 మంది రెగ్యులర్ అయ్యారు. వారిలో జూనియర్ లెక్చరర్లే ఎక్కువ. గంటల లెక్కన పనిచేసే గెస్ట్ లెక్చరర్లకు మాత్రం ఆ జాబితాలో చోటు దొరకలేదు.

పీరియడ్ బయటి పని విలువెంతో అది ఆగినప్పుడే తెలుస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అడ్‌హాక్ అధ్యాపకులను నాలుగు నెలలకు మించకుండా నియమించి, ఒకరోజు విరామమిచ్చి, మళ్లీ నియమిస్తూ ఏళ్లు గడిపారు. 2019 ఆగస్టు 28న వచ్చిన ఒక లేఖ, కొత్త ఖాళీల్లో ఆ అడ్‌హాక్ కొలువు కూడా వద్దు, గెస్ట్‌లను పెట్టుకోమంది. డిసెంబర్‌లో అధ్యాపకులు పరీక్షల విధులు, మూల్యాంకనం బహిష్కరించి వేలాదిగా వైస్ ఛాన్సలర్ కార్యాలయానికి చేరారు. ఇన్నాళ్లూ లెక్కలోకి రాని పనులవి! అవి ఆగిన కొద్ది రోజులకే కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ జోక్యం చేసుకుని అడ్‌హాక్ నియామకాలు కొనసాగించుకోవచ్చంది. న్యూయార్క్‌లోని న్యూ స్కూల్ విశ్వవిద్యాలయంలో 2022 నవంబర్ 16న మొదలైన సమ్మె కూడా ఇలాంటిదే. అక్కడి అధ్యాపకుల్లో 87 శాతం పార్ట్‌టైమర్లు. మూడు వారాలు దాటి సాగిన సమ్మె తర్వాత కుదిరిన ఒప్పందంలో, తరగతి బయట చేసే పనికీ డబ్బివ్వడానికి విశ్వవిద్యాలయం మొదటిసారి ఒప్పుకుంది. అమెరికాలో ఇది ఒక్క కాలేజీ సమస్య కాదు. టెన్యూర్, అంటే శాశ్వత కొలువు, దక్కే దారి లేని అధ్యాపకులు 1987లో 47 శాతముంటే, అమెరికా ప్రొఫెసర్ల సంఘం లెక్కల ప్రకారం 2021 నాటికి 68 శాతమయ్యారు. మన పిల్లలు అప్పులు చేసి వెళ్లి చదివే విశ్వవిద్యాలయాలూ ఇదే దారిలో ఉన్నాయి.

సమ్మె చేస్తే పిల్లలు నష్టపోతారంటారు. నిజమే, నష్టపోతారు. కానీ ఏటా జూన్‌లో లెక్చరర్ లేక, రెన్యువల్ ఆలస్యమై సిలబస్ వెనకబడినప్పుడూ నష్టపోయేది వాళ్లే. ఆ నష్టం మీద పత్రికల్లో పెద్దగా వార్తలుండవు. ఇష్టపడే చేరారు కదా అనేవారు ఇంకో మార్గం లేక చేరినవారిని చూడటం లేదు. వారానికి రెండు గంటలు లా కాలేజీలో పాఠం చెప్పే అడ్వకేట్‌కు పీరియడ్ లెక్కన డబ్బివ్వడం సబబే, ఆయనకు జీవనం కోర్టులో ఉంది. ఇదొక్కటే బతుకుతెరువైన మనిషికీ అదే లెక్క వేయడమే తప్పు. ఉద్యమకారులు అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కావు: పన్నెండు నెలల వేతనం, దాన్ని నెలనెలా సకాలంలో ఇవ్వడం, కాలేజీ తెరవకముందే ఉత్తర్వు, ప్రసూతి సెలవు, మూల్యాంకనానికీ ఇన్విజిలేషన్‌కూ పని గంటల్లో చోటు.

ఈ జూన్‌లో అడ్మిషన్ కోసం కాలేజీకి వెళ్లే తల్లిదండ్రులు ఫీజు, హాస్టల్, బస్సు గురించి అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడగాలి. మా అబ్బాయికి, మా అమ్మాయికి పాఠం చెప్పేవారిలో పర్మనెంట్ వారెందరు, తక్కినవారికి జీతం నెలనెలా అందుతోందా అని. ప్రిన్సిపాల్ తప్పక జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది.