మీకు తెలుసా? రంగు చుక్క లేకుండా గోడబొమ్మ!

గోడ మీద బొమ్మ వేయడానికి రంగే ఉండాలని లేదు, మసి పేరుకున్న గోడ ఉంటే చాలు. 2006లో బ్రెజిల్‌లోని సావో పాలోలో అలెగ్జాండర్ ఒరియన్ అనే కళాకారుడు రాత్రిపూట మాక్స్ ఫెఫర్ సొరంగంలోకి వెళ్లి, వాహనాల పొగకు నల్లబడ్డ గోడలను గుడ్డపీలికలతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటల్లా తెల్లటి పుర్రె తేలింది. అలా వరసగా వేల పుర్రెలు! ఆ దారిన వెళ్లేవాళ్లు రోజూ పీల్చే గాలి గురించి ఇంత సూటిగా చెప్పిన బొమ్మ మరొకటి నేను చూడలేదు. పోలీసులు వచ్చి ఆరా తీశారు. కానీ గోడ శుభ్రం చేయడం నేరమెలా అవుతుంది? చివరికి నగర సిబ్బందే వచ్చి గోడలు కడిగారు. ఆ గుడ్డలను ఒరియన్ పారేయలేదు. వాటిని ఉతికి, నీళ్లు ఆవిరయ్యాక మిగిలిన మసినే రంగుగా చేసుకుని తర్వాతి చిత్రాలు వేశాడు.

2016లో దక్షిణాఫ్రికా చిత్రకారుడు విలియం కెంట్రిడ్జ్ రోమ్‌లో టైబర్ నది రాతిగోడపై దాదాపు 550 మీటర్ల పొడవునా ఆ నగర చరిత్రను బొమ్మకట్టాడు. ఇక్కడ పద్ధతి తిరగబడింది: పెద్ద స్టెన్సిళ్లు ఆనించి చుట్టూ నీళ్లు చిమ్మి కొడితే, కడగకుండా వదిలిన నాచూ మురికే బొమ్మలయ్యాయి. రాయి మళ్లీ నల్లబడేకొద్దీ అవి చెరిగిపోతాయని ఆయనకు ముందే తెలుసు.